మూడు వారాల జోస్యం, ఒక కప్పు టీ

జులై వస్తే అలిపిరి దగ్గర మా టీ కొట్టులో రాజకీయాలు పక్కకు పోతాయి. మూడు వారాల సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో ఆ రోజు స్టేజి, అంటే ఆ రోజు తొక్కాల్సిన దూరం, మనకు రాత్రి 9 గంటల ప్రాంతంలో ముగుస్తుంది. తెల్లారి చంద్రగిరి దాకా తొక్కి వచ్చిన మేం నలుగురైదుగురం సైకిళ్లు గోడకు ఆనించి, ఆ ముచ్చట మొదలుపెడతాం. మాలో అందరికంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచే కుర్రాడు, మొదటి రోజే తేల్చేస్తాడు: "పొగాచర్ గెలుస్తాడన్నా. ఇంక మాట్లాడేదేముంది?" వాడు చెప్పేది స్లొవేనియా రైడర్ పొగాచర్ గురించి. నేను మాత్రం అతను గెలిచే అవకాశం "నూటికి అరవై" అంటాను. "ఇదేం జోస్యం? వాడు గెలిచినా మీరే రైటు, ఓడినా మీరే రైటు" అని నవ్వుతాడు.

వాడి ఎగతాళిలో పస ఉంది. జవాబు చెప్పాలంటే ఈ రేసులో ముందే లెక్కకు అందేది ఏది, అందనిది ఏది అని విడదీయాలి.

1903లో మొదలైన ఈ రేసు ఇప్పుడు 21 స్టేజిలు, మధ్యలో 2 విశ్రాంతి రోజులు, 3,300 కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. ప్రతి స్టేజికి పట్టిన సమయం కూడుకుంటూ పోతే, చివరికి మొత్తం ఎవరిది తక్కువో వాడే విజేత. 1989లో 87 గంటలకు పైగా తొక్కాక గ్రెగ్ లెమాండ్, లోరాన్ ఫిన్యోన్‌ల మధ్య మిగిలిన తేడా 8 సెకన్లు. అదీ చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరూ ఒంటరిగా గడియారంతో పోటీపడే స్టేజిలో తేలింది.

లెక్కకు బాగా అందేది కొండ. చదును రోడ్డు మీద సైక్లిస్టుకు పెద్ద శత్రువు గాలి. ముందువాడి వెనక గాలి చాటున నడిస్తే బోలెడు శ్రమ మిగులుతుంది. లారీ వెనక సైకిల్ తొక్కి తిట్లు తిన్న ప్రతి కుర్రాడికీ ఇది తెలుసు. అందుకే చదును మీద బలవంతుడూ బలహీనుడూ ఒకే గుంపులో గీత దాటుతారు. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, గాలి పట్టు సడలుతుంది, ఆ స్థానంలో భూమ్యాకర్షణ వచ్చి కూర్చుంటుంది. దాని దగ్గర దాక్కోవడానికి చాటు లేదు. అప్పుడు పనికొచ్చేది ఒకటే అంకె: ఒక్కో కిలో బరువుకు కాళ్లు ఎన్ని వాట్ల శక్తి ఇస్తాయి.

మన ఘాట్ రోడ్డు మీదే లెక్క వేసి చూద్దాం. 1944 నాటి పాత దారి ఇప్పుడు దిగడానికి. ఎక్కేది 1974లో తెరిచిన రెండో దారి, సుమారు 17 కిలోమీటర్లు. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. అంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే సగటున 4 మీటర్లు పైకి వెళ్తాం. 65 కిలోల మేటి రైడర్ కిలోకు 6 వాట్లకు కాస్త పైన, అంటే సుమారు 400 వాట్లు, అరగంటకు పైగా నిలబెట్టగలడు. నా లెక్క ప్రకారం అతను గంటకు 31 కిలోమీటర్ల వేగంతో 33 నిమిషాల్లో పైకి చేరతాడు. 80 కిలోల నేను 150 వాట్లతో తొక్కితే గంటా ఇరవై నిమిషాలు, అదీ గోవిందనామం చెప్పుకుంటూ.

కానీ ఇక్కడ అసలు విషయం వేరే ఉంది. ఆ వేగం దగ్గర 400 వాట్లలో దాదాపు 30 శాతం ఇంకా గాలికే పోతుంది. కాబట్టి వెనక నడిచేవాడికి చాటు దొరుకుతూనే ఉంటుంది. అతని కంటే కొంచెం బలహీనుడైనా చక్రానికి చక్రం అంటించి తిరుమల దాకా వచ్చేయగలడు. ఇదే లెక్కను ఆల్ప్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ మీద వేయండి: 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు, సగటు వాలు 8.1 శాతం. అవే 400 వాట్లకు వేగం 21 కిలోమీటర్లకు పడిపోతుంది, గాలి వాటా 10 శాతం లోపుకు వస్తుంది. సమయం సుమారు 39 నిమిషాలు. అక్కడ 5 శాతం తక్కువ బలం ఉన్నవాడు పైకి చేరేసరికి దాదాపు 2 నిమిషాలు వెనకబడతాడు. మెట్లదారిన వెళ్లేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. గాలిగోపురం దాటాక చాలాసేపు అందరూ కబుర్లు చెప్పుకుంటూ కలిసే నడుస్తారు, ఎవరి సత్తా ఎంతో బయటపడేది మోకాళ్ల పర్వతం దగ్గర.

అందుకే రేసు దారి ప్రకటించగానే నేను చూసేది మొత్తం దూరం కాదు. 7 శాతం దాటిన ఎక్కుళ్లు ఎన్ని, అవి స్టేజి చివర్లో ఉన్నాయా మధ్యలో ఉన్నాయా, టైమ్ ట్రయల్ ఎంత దూరం అన్నవి చూస్తాను. ఎక్కుడు మధ్యలో ఉంటే వెనకబడినవాడు దిగుడులో అందుకుంటాడు. ఈ మూడూ చూశాక బయల్దేరే 180 మందికి అటూ ఇటూ రైడర్లలో గెలవగలిగేవాళ్లు నలుగురైదుగురికి మించరు. ఇంతవరకు జోస్యం సులువే, ఇందులో నా గొప్పేమీ లేదు.

ఆ నలుగురిలో ఒకణ్ణి ఎంచడమే చిక్కు. కొండ ఒక గంట పరీక్ష, రేసు మూడు వారాల పరీక్ష. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకోగలిగే పిండిపదార్థం అర కిలోకు అటూ ఇటూ. రోజూ దాన్ని ఖాళీ చేసి, రాత్రికి మళ్లీ నింపుకోవాలి. ఎవరి పొట్ట ఎంత అరిగించుకుంటుంది, ఎవరు బాగా నిద్రపోతారు అన్నవి రేసుకు ముందు ఏప్రిల్‌లో కొలిచిన వాట్లలో కనిపించవు. 2022లో గ్రానోన్ కొండ మీద పొగాచర్ ఒక్క మధ్యాహ్నం దాదాపు 3 నిమిషాలు పోగొట్టుకున్నాడు. 2023లో 17వ స్టేజిలో ఏకంగా 5 నిమిషాల 45 సెకన్లు. రెండేళ్లూ టూర్ యోనాస్ వింగెగోర్‌దే అయింది. ఇదే పొగాచర్ 2020లో చివరి ముందు రోజున 57 సెకన్ల వెనక నుంచి వచ్చి ప్రిమోజ్ రోగ్లిచ్ చేతిలోని రేసు లాక్కున్నాడు.

ఇక పడిపోవడాలు, జ్వరాలు. ఇక్కడ గుణకారం మాయ చేస్తుంది. ఒక రైడర్ ఒక స్టేజిలో రేసు వదిలే అవకాశం 1 శాతమే అనుకుందాం. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ 0.99ని 21 సార్లు గుణిస్తే 0.81 వస్తుంది, అంటే ఐదుగురిలో ఒకడు చివరిదాకా రాడు. ఊహ కాదిది. 2024లో 176 మంది బయల్దేరితే 141 మంది పూర్తి చేశారు, దాదాపు 80 శాతం. 2022లో 135 మందే. పడిపోనివాడే గెలుస్తాడన్న మాట నాకు మొదట్లో చాదస్తంగా అనిపించేది. ఈ గుణకారం చేశాక నోరు మూసుకున్నాను. మీ అభిమాన రైడర్ ఎంత బలవంతుడైనా అతని అంకెలోంచి ఈ కోత తీయాల్సిందే. ముందుండి నడిచే నాయకులకు, చుట్టూ కాపలా ఉన్నవాళ్లకు కోత కాస్త తగ్గుతుందేమో గానీ సున్నా కాదు. 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్ రేసులో ఒకే ప్రమాదంలో వింగెగోర్, రోగ్లిచ్, ఎవెనెపోల్ ముగ్గురూ పడ్డారు. ఊపిరితిత్తి దెబ్బతిన్న వింగెగోర్ ఆ జులైలో రెండో స్థానంలో నిలవడం ఏ లెక్కకూ ముందు అందలేదు.

మిగిలింది ఆకాశం. ఎడ్వర్డ్ లోరెంజ్ 1960ల్లో చూపించిన సంగతి ఇది: ఇవాళ్టి వాతావరణాన్ని కొలవడంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, రోజులు గడిచేకొద్దీ అది పెరిగి జోస్యాన్ని మింగేస్తుంది. రోజువారీ వాతావరణం చెప్పడానికి హద్దు దాదాపు రెండు వారాలు. రేసేమో మూడు వారాలు. అంటే మొదటి రోజున మూడో వారం కొండల మీద వానో ఎండో చెప్పడం ఏ సూపర్ కంప్యూటర్ తరమూ కాదు. జులైలో అక్కడ మామూలుగా ఎలా ఉంటుందో అది మాత్రం చెప్పగలం. మనకు నవంబర్‌లో వానలు పడతాయని అందరికీ తెలుసు. కానీ 2021 డిసెంబర్ 1న ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు దొర్లిపడి దారి మూసేస్తారని నవంబర్ మొదట్లో ఎవరు చెప్పగలిగారు?

టూర్‌కూ ఇలాంటిదే జరిగింది. 2019 జులై 26న, 19వ స్టేజిలో, ముందున్న రైడర్లు ఇజెరాన్ కనుమ దాటి దిగుతుండగా కింద లోయలో వడగళ్లు, మట్టిపెళ్లలు దారిని కప్పేశాయి. స్టేజిని అక్కడే ఆపేసి, కనుమ పైన తీసుకున్న సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం సమయంలో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీ జూలియన్ అలాఫిలిప్ నుంచి ఎగాన్ బెర్నాల్‌కు మారింది. రెండు రోజుల తర్వాత టూర్ గెలిచిన తొలి కొలంబియన్ అయ్యాడతను. అదే ఏడాది ఆల్బీకి వెళ్లే 10వ స్టేజిలో చదును రోడ్డు మీదే, పక్కగాలికి గుంపు ముక్కలై తిబో పినో 1 నిమిషం 40 సెకన్లు పోగొట్టుకున్నాడు. గాలి పక్కనుంచి కొడితే చాటు కూడా పక్కకు జరుగుతుంది. రైడర్లు ఏటవాలు వరసలో నిలబడాలి, రోడ్డు వెడల్పు అయిపోయాక వచ్చినవాడికి చోటు లేదు.

ఇవన్నీ కలిపితేనే నా "నూటికి అరవై" వస్తుంది. మరి అది తప్పించుకునే మాట కాదని ఎలా తేల్చాలి? దానికి 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త పద్దు రాసే పద్ధతి చెప్పాడు. జరిగితే 1, జరక్కపోతే 0. నువ్వు చెప్పిన అంకెకూ దానికీ తేడాను వర్గం చేయి. పద్దు ఎంత తక్కువైతే అంత మంచి జోస్యం. 100 శాతం అన్నవాడు తప్పితే 1 మోస్తాడు, గెలిస్తే 0. నేను 60 అన్నాను కాబట్టి గెలిస్తే 0.16, తప్పితే 0.36.

కొట్టు గోడ మీద 2023 నుంచి ఈ పద్దు బొగ్గుతో రాస్తున్నాం. ఏ ఏటి పద్దు ఎవరిది ఎక్కువైతే ఆ ఏడు వాళ్లే అందరికీ టీ పోయించాలి. 2023లో కుర్రాడు పోయించాడు. 2024లో, 2025లో పొగాచర్ గెలిచాడు, నేను పోయించాను. మూడేళ్లూ కలిపితే వాడిది 1, నాది 0.68 అని గోడ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. "పాత బాకీలు కలపకూడదన్నా" అని ఇంకో టీ చెప్పాడు, నా ఖాతాలోనే.