పాత వేట రైఫిల్ కొంటున్నారా? మెరుపు చూసి మోసపోకండి

టెక్సాస్‌లో తుపాకులు బాగుచేయడం నా పని. జింకల సీజన్ దగ్గరపడితే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, పాత వించెస్టర్ ఒకటి దొరికింది, తీసుకోమంటావా?" ఫొటో చూసి నేనేమీ చెప్పను. బోల్ట్ (తూటాను లోపలికి తోసి వెనక నుంచి మూసే కడ్డీ) తీసి చేతిలో పెడితే చెబుతా.

అపోహ: వించెస్టర్ మోడల్ 70, అదీ 1964కి ముందుదైతే కళ్లు మూసుకుని కొనొచ్చు.

గిరాకీకి కారణం ఉంది. 1936లో వచ్చిన ఈ రైఫిల్ డిజైన్‌ను 1964లో తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి మార్చేశారు. తూటా మేగజీన్ నుంచి పైకొస్తుండగానే దాని అంచును పట్టుకునే పొడవాటి పంజా అప్పుడే పోయింది. కానీ అదే పేరు మీద అరవై ఏళ్ల నిర్లక్ష్యం కూడా అమ్ముడవుతుంది. బోల్ట్ అడుగున ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసిన నంబరు చూడండి. అది రిసీవర్ (బోల్ట్ జారే ఉక్కు చట్రం) మీది నంబరుతో కలవకపోతే, ఆ బోల్ట్ వేరే తుపాకీది. అలాంటప్పుడు హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముందు తూటాకు ఉండే చోటు) కొలవకుండా పేల్చొద్దు. తూటా కూర్చునే చాంబర్‌లో కొలత దిమ్మలు పెట్టి చూడాలి: గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. "మా తాత నలభై ఏళ్లు వాడాడు" అనేది కొలత కాదు.

అపోహ: కొత్తదానిలా మెరుస్తోందంటే బాగా చూసుకున్నట్టే.

నాకైతే మొదటి అనుమానం అక్కడే. మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకు తుప్పు పట్టకుండా వేసే నీలి నలుపు రంగు) చేసేముందు గట్టిగా పాలిష్ పడతారు. అక్షరాల అంచులు కరిగినట్టున్నా, స్క్రూ రంధ్రాల చుట్టూ గిన్నెలా గుంటపడినా అదే సంగతి. వేటకు ఇబ్బంది లేదు, కలెక్టర్ ధర మాత్రం ఇవ్వకండి.

అపోహ: బ్యారెల్ లోపల అద్దంలా లేకపోతే దండగ.

కాస్త నల్లబడ్డ బ్యారెళ్లు చక్కటి గురితో కాల్చడం చూశాను. మూతి దగ్గరి అంచు, అంటే క్రౌన్ చెడితే మాత్రం గురి చెదురుతుంది, ఎందుకంటే బుల్లెట్ బ్యారెల్‌ను చివరగా తాకేది అక్కడే. స్టీలు రాడ్‌తో మూతివైపు నుంచి తుడిచేవాళ్లు దాన్ని అరగదీస్తారు. క్రౌన్ మళ్లీ కోయించుకోవచ్చు, అది చిన్న ఖర్చే. చాంబర్ ముందున్న గొంతు (బుల్లెట్ బ్యారెల్‌లోకి దూరే చోటు) అరిగిపోయిందా, ఖర్చు పెద్దది. .220 స్విఫ్ట్ లాంటి మహావేగం తూటాలదైతే ముందు అక్కడే చూడండి.

అపోహ: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టనేకూడదు.

ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, నిజమే. కానీ చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. బేరానికి ముందే లాయర్‌ని అడగండి.

అపోహ: సేఫ్టీ మీట కదులుతోంది కదా, చాలు.

చాలదు. చాంబర్, మేగజీన్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, బోల్ట్ మూయండి. మూతిని ఎవరూ లేనివైపు తిప్పి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. ఇప్పుడు ట్రిగ్గర్‌ను తాకకుండా సేఫ్టీ తీయండి. ఏమీ జరగకూడదు. 'టక్' మని వినిపించిందా, బోల్ట్ తెరిచి ఉంచి, ఎవరిది వాళ్లకిచ్చేసి వచ్చేయండి.