పాటలోంచి గొంతు తీసేయడం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఆర్కెస్ట్రా వాళ్లు, సంగీతం నేర్చుకునే పిల్లలు పాట తెచ్చిచ్చి "గొంతు తీసేసి ట్రాక్ ఇయ్యన్నా, బటన్ నొక్కితే అయిపోతుంది కదా" అంటుంటారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఫైల్లో గొంతు, వాద్యాలు వేర్వేరు పొరలుగా ఉంటాయి.

ఉండవు. స్టీరియో ఫైల్లో ఉండేది ఎడమ, కుడి, అంతే. ఇరవై వాద్యాలు వాయించినా మిక్సింగ్‌లో ఆ రెంటిలోనే కలిసిపోతాయి. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత గొంతుది, ఎంత మిగతావాటిది అని సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి పంచుతుంది.

అపోహ: ఎడమలోంచి కుడిని తీసేస్తే చాలు.

గొంతు సరిగ్గా మధ్యలో ఉంటేనే పోతుంది, దాంతోపాటు మధ్యలోనే ఉండే బేస్, కిక్ డ్రమ్ కూడా పోతాయి, కానీ గొంతుకు వేసిన రివర్బ్ (ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) రెండు పక్కలా పరుచుకుని ఉంటుంది కాబట్టి అది మాత్రం నీడలా మిగిలిపోతుంది. రెండు పక్కలా ఒకే శబ్దం ఉండే మోనో పాటైతే మొత్తం నిశ్శబ్దమే.

అపోహ: ఏఐ వచ్చాక ఏ పాటైనా ఒకటే.

2019లో డీజర్ అనే మ్యూజిక్ యాప్ వాళ్లు, పాటని భాగాలుగా విడదీసే స్ప్లీటర్ సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా వదిలాక మా పని నిజంగానే మారింది, సినిమా పాటలకు ఇప్పుడు ట్రాక్ చాలా బాగా వస్తుంది. కీర్తనల దగ్గరే చిక్కు. ఏఐ మోడల్‌కి నేర్పడానికి, పరీక్షించడానికి ఈ రంగంలో అందరూ వాడే ముస్‌డీబీ18 అనే పాటల సేకరణలో ఉన్నవి 150 పాటలు, ఎక్కువగా పాశ్చాత్య పాప్, రాక్. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగే భాగాలు. మన వీణ, నాదస్వరం, తంబురా అన్నీ "మిగతావి"లోకే పోవాలి. అన్నమయ్య కీర్తనలో వయొలిన్ గాయకుడి వెంటే అవే గమకాలతో నడుస్తుంది, రెంటి హార్మోనిక్స్ (స్వరంతోపాటు మోగే పై ఫ్రీక్వెన్సీలు) ఒకదాని మీద ఒకటి పడతాయి, దాంతో దీర్ఘం తీసిన చోట వయొలిన్ గొంతు ట్రాక్‌లోకి దూరిపోతుంది. మృదంగం అయితే రెండు ముక్కలవుతుంది: కుడిచేతి దెబ్బ డ్రమ్స్‌లోకి, ఎడమ వైపు గుముకీ (లోతుగా ఊగే నాదం) బేస్‌లోకి. కీర్తనలకు ఆ రెండూ కలిపే వాడండి, విడిగా వింటే మృదంగంలాగే ఉండదు. కచేరీ రికార్డింగులతో మోడల్‌కి నేర్పిద్దామన్నా, వేదిక మీద వయొలిన్ మైకులో గొంతూ పడుతుంది, శుద్ధంగా విడిగా ఉన్న ట్రాకులు దొరకడమే కష్టం. మన సంగీత కళాశాలలు, స్టూడియోలు కలిసి ఒక్కో వాద్యాన్ని విడిగా రికార్డు చేసి పెడితే ఎంత మేలో!

అపోహ: ఎంపీ3ని వేవ్‌గా మారిస్తే బాగా విడిపోతుంది.

సైజు పెరుగుతుందంతే. వాట్సాప్‌లో చేతులు మారిన ఫైల్ కాకుండా, సీడీ ఉంటే అది తెండి.

అపోహ: గొంతు తీసేస్తే కాపీరైట్ ఉండదు.

ఉంటుంది. మిగిలింది కూడా ఆ రికార్డింగే, దాని మీద హక్కు మన చట్టంలో 60 ఏళ్లు. అన్నమయ్య సాహిత్యానికి ఈ బెడద లేదు, కానీ మనం పాడుకునే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి, వాటికి స్వరకర్తలున్నారు. వేదిక మీద వాడేముందు అడిగి వాడండి.