ఫియట్ కారుకు పికప్ కావాలంటే

కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కేటప్పుడు మా పాత ఫియట్ కారు, ప్రీమియర్ పద్మిని, థర్డ్ గేరులో మొండికేసేది. సెకండ్‌లోకి దించేలోపు వెనక ఆటోలన్నీ హారన్లు కొట్టేవి. మా మేనల్లుడు ఫోన్‌లో చూసి ఒక లిస్టు రాశాడు: డబుల్ బ్యారెల్ కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం, రెండు గొంతులది), ఓపెన్ ఫిల్టర్, రేసింగ్ క్యామ్, లావుపాటి సైలెన్సర్. ములుగు రోడ్డులో మాకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ముందుగాల కంప్రెషన్ చూద్దాం సార్. ఉన్న గుర్రాలల్ల ఎన్ని బతికున్నయో తెల్వాలె కదా" అన్నాడు. గుర్రాలంటే హార్స్‌పవర్, కంప్రెషన్ అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి.

నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, గేజి బిగించి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. మూడు సిలిండర్లు 120 పీఎస్‌ఐకి (ఒత్తిడి కొలత) అటూఇటుగా చూపించాయి. మూడో నంబరుది 75 దగ్గరే ఆగింది. ఆ ప్లగ్గు రంధ్రంలో స్పూనెడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొట్టించాడు. ఆ ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందును కాసేపు మూస్తుంది కాబట్టి, రింగులు అరిగి ఉంటే ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అంటే గాలి కిందికి కాదు, పైన వాల్వ్ దగ్గర పోతోంది. చూస్తే పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వ్‌కూ, దాన్ని నొక్కే మీటకూ మధ్య ఉండాల్సిన ట్యాపెట్ గ్యాపే లేదు. వాల్వ్ ఆనే అంచు, అంటే సీటు, అరిగేకొద్దీ వాల్వ్ హెడ్డులోకి (సిలిండర్ల పై మూతలోకి) దిగుతుంది, గ్యాప్ మూసుకుపోతుంది, చివరికి వాల్వ్ సీటు మీద కూర్చోదు. ఒకప్పుడు పెట్రోల్లో కలిపే సీసం పాత ఇంజన్ల మెత్తని సీట్లకు పూతలా కాపు కాసేది. 2000లో దేశమంతా సీసం తీసేశారు, మంచిదే. ఆ కాపు మాత్రం పోయింది. అందుకని హెడ్డు దించి, గట్టి లోహం సీట్లు వేయించి, వాల్వ్ గ్రైండింగ్ చేయించాం. లిస్టులో లేని పని ఇది. బండి బ్రిడ్జిని థర్డ్‌లోనే ఎక్కింది.

ఇక లిస్టు సంగతి. ఇంజన్ అంటే ప్రధానంగా ఒక గాలి పంపు. పద్మినిది 1089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి నింపుకుంటుంది. ఆ లెక్కన నిమిషానికి 4000 చుట్లు తిరిగితే, పూర్తిగా నిండితే, దాదాపు 2,180 లీటర్ల గాలి. పెట్రోల్ ఎంత కాలాలో ఆ గాలి బరువే తేలుస్తుంది. బరువు అంటున్నాను, లీటర్లు కాదు. మే నెలలో వరంగల్ రోడ్డు మీద 42 డిగ్రీలుంటే బానెట్ కింద 60 దాటడం వింత కాదు. ఆ వేడికి గాలి ఇంకో 5 శాతం పలచబడుతుంది. ఓపెన్ ఫిల్టర్ పీల్చేది ఆ గాలినే. చప్పుడు బాగుంటుంది, రెండు గుర్రాలు పోతాయి. పాత ఫిల్టర్ డబ్బాకే గొట్టం తగిలించి రేడియేటర్ పక్క నుంచి బయటి గాలి అందిస్తే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

పెద్ద కార్బురేటర్ ఆశ కూడా అలాంటిదే. గొంతు సన్నగా ఉంటే గాలి వేగంగా దూసుకెళ్లి పెట్రోల్‌ను తుంపరగా చీలుస్తుంది. గొంతు పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లలో) ఆ వేగం తగ్గి బండి ముక్కుతుంది. రేసింగ్ క్యామ్ వాల్వ్‌లను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, లాభమంతా పై ఆర్‌పీఎంలోనే. హన్మకొండ చౌరస్తాలో 2000 దాటని బండికి అదెందుకు? బోరింగు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు పెంచడం గురించి ఒక్క లెక్క చాలు. 68 మిల్లీమీటర్ల బోరును 69 చేస్తే 1121 సీసీ అవుతుంది. పెరిగింది 32 సీసీ, చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. బోరింగు అరుగుదల సరిచేయడానికి, పవర్ కోసం కాదు.

టాప్ స్పీడ్ కోరికైతే మరీ ఖరీదు. గాలి అడ్డంకిని తోసుకెళ్లడానికి కావలసిన పవర్ వేగపు ఘనం (వేగం × వేగం × వేగం) లెక్కన పెరుగుతుంది. పది శాతం వేగం కోసం మూడోవంతు పవర్ పెంచాలి, అంటే 40 గుర్రాలు 53 కావాలి. ఆపేటప్పుడు ఇంకో లెక్క. గంటకు 60 నుంచి 80కి పోతే బ్రేకులు మింగాల్సిన శక్తి 1.78 రెట్లు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. మహబూబ్‌ఘాట్ దిగుతూ అవి వేడెక్కి పట్టు వదిలితే ఏ క్యామూ కాపాడదు. డబ్బులుంటే మొదట ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వేయించండి.

వేరే ఇంజనే పెట్టాలనుకుంటే అది షెడ్డులో తేలే పని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందే ఆర్‌టీఏ అనుమతి కావాలి, ఆర్‌సీలో మార్పించాలి. బండి యాభై ఏళ్లు దాటి, దాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే అసలు ఇంజన్ జోలికే పోవద్దు.

మా బండికి మిగిలింది కార్బురేటర్ జెట్, అంటే పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ కలపని పెట్రోల్ ఒక కిలోకు 14.7 కిలోల గాలి సరిపోతే, ఇథనాల్‌కు 9 చాలు. పాత జెట్‌తో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయించి, ములుగు దాకా పోయొచ్చి, ప్లగ్గులు ఊడదీసి చూడాలి. తెల్లగా కాలి ఉంటే ఇంకా చాలలేదన్నమాట. ఇటుక రంగులో ఉంటే మళ్లీ బిగించేయడమే.