డేటాబేస్ ఆపి కాపీ చేస్తే సరిపోతుందా? ఆఫ్‌లైన్ బ్యాకప్‌పై అపోహలు - వాస్తవాలు

డేటాబేస్ ఆపేసి, ఫైళ్లన్నీ కాపీ చేసి, మళ్లీ స్టార్ట్ చేయడం: ఇదే ఆఫ్‌లైన్ బ్యాకప్, దీన్నే కోల్డ్ బ్యాకప్ అనీ అంటారు. బ్యాకప్‌లన్నిటిలోకీ ఇదే సులువని అంటారు, నిజమే. కానీ ఆ సులువు చూసి చాలామంది కీలకమైన చోట్ల తొందరపడుతున్నారు.

అపోహ: సర్వర్ ఎలా ఆపినా ఒకటే, ఆగితే చాలు.

వాస్తవం: అసలు విషయమంతా ఎలా ఆపామన్నదాంట్లోనే ఉంది. ఒరాకిల్‌లో షట్‌డౌన్ ఇమ్మీడియెట్ కమాండ్ ఇస్తే పూర్తికాని ట్రాన్సాక్షన్లు రోల్‌బ్యాక్ (వెనక్కి రద్దు) అవుతాయి, చెక్‌పాయింట్ పడుతుంది (మెమరీలోని మార్పులు డిస్క్‌కి చేరతాయి), ఫైళ్లన్నీ ఒకే స్థితిలో మూతపడతాయి. షట్‌డౌన్ అబార్ట్ ఇస్తే ఇవేవీ జరగవు, కరెంటు పోయినట్టే. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం ఇమ్మీడియెట్ మోడ్ అంటే ఈ అబార్ట్ లాంటిదే! అక్కడ మనకు కావలసింది ఫాస్ట్. రెండు డేటాబేస్‌లూ చూసుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. పోస్ట్‌గ్రెస్ ఆపాక పీజీ కంట్రోల్‌డేటా (pg_controldata) కమాండ్ ఒకసారి నడపండి. క్లస్టర్ స్టేట్ ఎదురుగా ‘షట్ డౌన్’ అని ఉండాలి. సర్వర్ ఆగిపోయినా ‘ఇన్ ప్రొడక్షన్’ అనే కనిపిస్తోందంటే అది శుభ్రంగా ఆగలేదు. మళ్లీ స్టార్ట్ చేసి, ఫాస్ట్ మోడ్‌లో ఆపాకే కాపీ మొదలుపెట్టండి.

అపోహ: ముఖ్యమైన టేబుళ్ల ఫైళ్లు తీసుకుంటే చాలు.

వాస్తవం: చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో ఏ ట్రాన్సాక్షన్ కమిట్ అయిందో చెప్పే సమాచారం టేబుల్ ఫైల్‌లో కాకుండా వేరే డైరెక్టరీలో ఉంటుంది. అది లేకుండా టేబుల్ ఫైల్ ఒక్కటే ఉండి లాభం లేదు. మైసీక్వెల్‌లో డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీకి సిస్టమ్ టేబుల్‌స్పేస్ (డేటా ఉండే ఫైళ్ల చోటు), మార్పులను వెనక్కి తీసే అన్‌డూ, మళ్లీ చేసే రీడూ ఫైళ్లు కూడా కావాలి. ఒరాకిల్‌లో డేటాఫైళ్లతో పాటు కంట్రోల్ ఫైల్, పారామీటర్ ఫైల్ తీసుకోవాలి. టేబుల్‌స్పేస్‌లు వేరే డిస్క్‌లో ఉంటే ఇంకా జాగ్రత్త: పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీలో వాటికి లింకులే ఉంటాయి, మామూలు కాపీలో లింకులే వచ్చి డేటా అక్కడే ఉండిపోవచ్చు. అందుకే ఆపకముందే, ఏ ఫైల్ ఎక్కడుందో డేటాబేస్‌నే అడిగి లిస్టు రాసుకోవాలి.

అపోహ: కోల్డ్ బ్యాకప్ ఉంది కాబట్టి డేటా పోదు.

వాస్తవం: అది సర్వర్ ఆపిన క్షణం వరకే. ఆ తర్వాతి మార్పులు కావాలంటే ఆర్కైవ్ లాగ్‌లు, అంటే జరిగిన మార్పులు నమోదైన లాగ్‌ల కాపీలు, దాచుకుని ఉండాలి. ఒరాకిల్‌లో ఈ కాపీలు తీసే ఆర్కైవ్‌లాగ్ మోడ్ ఉన్నవాళ్లు దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: రీస్టోర్ టెన్షన్‌లో పాత ఆన్‌లైన్ రీడూ లాగ్‌లను ఇప్పుడున్న వాటి మీద రాసేయకండి. ఇంకా ఆర్కైవ్ కాని చివరి ట్రాన్సాక్షన్లు వాటిలోనే ఉంటాయి.

అపోహ: ఈ కాపీ ఏ వెర్షన్‌లోనైనా లేస్తుంది.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్ 15 ఫైళ్లతో 16 సర్వర్ స్టార్ట్ కాదు. వెర్షన్ మారేటప్పుడు డంప్ (డేటాను ఎస్‌క్యూఎల్ లాంటి రూపంలో ఎగుమతి చేసిన కాపీ) తీసుకోండి.

అపోహ: సైజు సరిపోయిందంటే కాపీ బాగున్నట్టే.

వాస్తవం: సైజు సరిపోయినా లోపల బైట్లు పాడై ఉండొచ్చు. రెండువైపులా చెక్‌సమ్ (ఫైల్‌లోని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) తీసి పోల్చండి. తర్వాత వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, డేటాబేస్ స్టార్ట్ చేసి, నాలుగు క్వెరీలు నడపండి. కాపీలో ఓనర్, పర్మిషన్లు మారిపోయాయా అన్నది అప్పుడే బయటపడుతుంది. లినక్స్‌లో డేటా డైరెక్టరీ పర్మిషన్ 0700 గానీ 0750 గానీ కాకపోతే పోస్ట్‌గ్రెస్ స్టార్టే కాదు. రీస్టోర్‌కి ఎంతసేపు పట్టిందో కూడా రాసిపెట్టుకోండి. ప్రొడక్షన్ పడిపోయిన రోజు అందరూ ముందు అడిగేది అదే.