ఇండిపెండెంట్ సినిమా: మేమిద్దరం తరచూ వినే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

సొంతంగా సినిమాలు తీసే నేనూ, అదే పనిలో ఉన్న నా మిత్రుడూ కలిసినప్పుడల్లా మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఒకే విషయం దగ్గరికి వస్తాయి. షూటింగ్ పూర్తయి కూడా హార్డ్ డిస్క్ దాటి బయటికి రాని సినిమాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం బాగోలేక ఆగిపోయినవి కావు. ఒకదానికి మాటలు సరిగా వినపడవు, ఇంకొకదానిలో పాటకు రాతపూర్వకమైన హక్కు లేదు, మరొకదానికి సర్టిఫికెట్ కోసం కావలసిన కాగితం ఒకటి తక్కువైంది, కొన్నింటికి విడుదల చేసేందుకు డబ్బు మిగల్లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు కెమెరా గురించి ఎంతో శ్రద్ధగా అడుగుతారు, వీటి గురించి దాదాపు అడగరు. అందుకే మేము ఎక్కువగా వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను. మిత్రుడితో నేను ఏకీభవించని చోట ఆ సంగతి కూడా చెబుతాను.

అపోహ: తక్కువ డబ్బుతో తీస్తే అది ఇండిపెండెంట్ సినిమా అవుతుంది.

వాస్తవం: కథ, నటులు, నిడివి, ముగింపు ఎవరు నిర్ణయిస్తున్నారు, సినిమా మీద హక్కులు ఎవరి పేరున ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలకు సమాధానం చూస్తేనే ఒక సినిమా స్వతంత్రమైనదో కాదో తెలుస్తుంది. చాలామంది దర్శకులకు తెలియని సంగతి ఏమిటంటే, మన 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే. ఎవరు చొరవ తీసుకుని, బాధ్యత వహించి సినిమా తీయించారో వారినే చట్టం నిర్మాతగా గుర్తిస్తుంది, విడుదలైన తరువాత 60 ఏళ్లపాటు ఆ హక్కుకు రక్షణ ఇస్తుంది. బాబాయి పొలం అమ్మి ఇచ్చిన డబ్బుతో, స్నేహితులు తలా కొంత వేసుకున్న డబ్బుతో సినిమా తీసేటప్పుడు నిర్మాత ఎవరు, ఎవరి వాటా ఎంత అన్నది షూటింగ్‌కు ముందే కాగితం మీద ఉండాలి. సినిమా కొనడానికి ఎవరైనా వచ్చిన తరువాత ఈ మాట ఎత్తితే బంధుత్వమూ పోతుంది, బేరమూ పోతుంది.

అదే చట్టంలోని మరొక నిబంధనను సంగీత దర్శకుడితో, రచయితతో మాట్లాడే ముందే చదువుకోవాలి. హక్కుల బదిలీ తప్పనిసరిగా రాతపూర్వకంగా ఉండాలి, బదిలీ చేసేవారి సంతకం ఉండాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. అమెరికాలోని తెలుగువారికి సినిమా చూపించాలనుకునే నిర్మాత ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం మరిచిపోయాడంటే ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. 2012 సవరణ తరువాత, థియేటర్ బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో గీత రచయితకు, స్వరకర్తకు ఉన్న వాటాను వారి చేత వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఇది మంచి నిబంధన అని నా గట్టి నమ్మకం.

అపోహ: మంచి ఫోన్ ఉంటే చాలు, సినిమా తీసేయవచ్చు.

వాస్తవం: ఫోన్‌తో తీసిన సినిమాలు థియేటర్లలో ఆడిన మాట నిజమే. దృశ్యంలో కొంత గరుకుతనాన్ని ప్రేక్షకుడు కథలో భాగంగా స్వీకరిస్తాడు. మాట అర్థం కాకపోతే మాత్రం రెండు నిమిషాల్లో సినిమా నుంచి బయటికి వచ్చేస్తాడు. మేమిద్దరం చూసిన పూర్తికాని సినిమాలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన లోపం శబ్దమే.

తెలుగులో చాలాకాలం డబ్బింగే పద్ధతి. లొకేషన్‌లో పైలట్ ట్రాక్ (డబ్బింగ్‌కు ఆధారంగా ఉండే తాత్కాలిక శబ్దం) మాత్రం తీసుకుని, తరువాత స్టూడియోలో మాటలు చెప్పించేవారు. అనుభవమున్న నటులకు అది అలవాటే కానీ, ఇండిపెండెంట్ సినిమాలలో నటించేవారు చాలావరకు ఆ ఊరి మనుషులు. కల్లు దుకాణం ముందు అద్భుతంగా మాట్లాడిన పెద్దమనిషిని నాలుగు నెలల తరువాత స్టూడియోలో మైక్ ముందు నిలబెట్టి, తన పెదవుల కదలికకు సరిపోయేలా మళ్లీ చెప్పమంటే, అంతకుముందు ఆయన గొంతులో ఉన్న యాస, విరుపు, తొందర అన్నీ మాయమైపోతాయి. అందుకే ఇలాంటి సినిమాకు సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే అసలు మాటలను రికార్డు చేయడం, విలాసమని నేను అనుకోను. కెమెరా అద్దెలో కొంత తగ్గించుకుని అయినా సౌండ్ రికార్డిస్టును, బూమ్ (పొడవాటి కర్రకు అమర్చిన మైక్) పట్టుకునే మనిషిని పెట్టుకోవాలి.

దానికి తగ్గ క్రమశిక్షణ కూడా అవసరం. ఊళ్లో షూటింగ్ అంటే బోరు మోటార్లు, గుడి మైకులు, వరికోత యంత్రాలు, పాత సామాన్లు కొంటామంటూ తిరిగే ఆటోలు అన్నీ ఉంటాయి. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడే, షూటింగ్ చేయబోయే వేళకే వెళ్లి, కళ్లు మూసుకుని కాసేపు వినాలి. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపాలి. ప్రతి చోటా సన్నివేశం అయ్యాక అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి కనీసం అర నిమిషం ఆ గది శబ్దాన్ని, అంటే రూమ్ టోన్‌ను, రికార్డు చేసుకోవాలి. అది లేకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా శబ్దం తెగినట్టు వినిపిస్తుంది.

ఫోన్ విషయంలో ఒక సాంకేతిక హెచ్చరిక మాత్రం చేస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గర స్థిరంగా ఉంచకపోతే దృశ్యంలో చారలు పాకే ప్రమాదం ఉంది. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా వదిలేస్తే షట్టరే కాక ఫ్రేముల వేగం కూడా మారిపోతూ ఉంటుంది, అప్పుడు విడిగా రికార్డు చేసిన శబ్దం దృశ్యంతో కలవదు.

అపోహ: కథను రచయితల సంఘంలో రిజిస్టర్ చేస్తే ఆ ఆలోచన మనదే అవుతుంది.

వాస్తవం: ఆ తేదీ నాటికి ఆ రాత మీ దగ్గర ఉందనడానికి రిజిస్ట్రేషన్ ఒక సాక్ష్యం, అంతవరకే. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆలోచనను మీరు వ్యక్తం చేసిన తీరుకే రక్షణ ఉంటుంది. కాబట్టి ఒక పేజీ సారాంశాన్ని కాక, సంభాషణలతో సహా పూర్తి స్క్రిప్టును నమోదు చేయించాలి. ఎవరికి, ఏ రోజున పంపారో ఈమెయిల్‌లో ఉండేలా చూసుకోవాలి.

అపోహ: సెన్సార్ అంటే కోతలు మాత్రమే, అదీ పెద్ద సినిమాలకే.

వాస్తవం: థియేటర్‌లో ప్రదర్శించే ప్రతి సినిమాకూ, అది పది నిమిషాల లఘుచిత్రమైనా సరే, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ కావాలి. 2023 సవరణతో యూఏ అనే ఒక్క వర్గం 7, 13, 16 ఏళ్లకు పైబడినవారి కోసం మూడుగా విడిపోయింది, సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేకుండా పోయింది. పరిశీలన సంఘం నిర్ణయం నచ్చకపోతే రివైజింగ్ కమిటీకి వెళ్లవచ్చు. ఆ పైన ఉండిన అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు కనుక తరువాతి మెట్టు హైకోర్టే. చిన్న నిర్మాతకు ఇది నిజంగా భారమైన మార్పు, దాన్ని సరిదిద్దాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని.

అయితే మేము చూసిన చిన్న సినిమాలు కోతల దగ్గర ఆగినవి తక్కువ, కాగితాల దగ్గర ఆగినవి ఎక్కువ. పల్లె నేపథ్యంలో తీసే సినిమాలో ఆవో, మేకో, కుక్కో లేకుండా ఉండటం కష్టం. దాన్ని సన్నివేశంలో వాడుకుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి, సెన్సార్ వారు ఆ పత్రం అడుగుతారు. కోతులను, ఎలుగుబంట్లను, పులులను ప్రదర్శనకు ఉపయోగించడం పూర్తిగా నిషిద్ధం కాబట్టి, కోతిని ఆడించే పాత్ర రాసుకున్నవారు స్క్రిప్టు దశలోనే ఆ సన్నివేశాన్ని మార్చుకోవడం మంచిది. పాత్ర బీడీ కాలిస్తే ఆ దృశ్యం ఉన్నంతసేపూ తెర కింది భాగంలో హెచ్చరిక ఉండాలి, సినిమా మొదట్లోనూ మధ్యలోనూ ఆరోగ్య ప్రకటనలు వేయాలి. 2023 సెప్టెంబర్ నుంచి పొగాకు హెచ్చరికల నిబంధనలు ఓటీటీకి కూడా వర్తిస్తున్నాయి.

ఓటీటీకి, యూట్యూబ్‌కు మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ అక్కరలేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు వయసు వర్గీకరణను తామే చేసుకుంటాయి. కానీ జాతీయ అవార్డులకు పంపాలంటే సర్టిఫికెట్ తప్పదు, అదీ ఆ క్యాలెండర్ సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. డిసెంబరు చివర్లో పరిగెత్తేవారిని చూస్తే బాధగా ఉంటుంది, ఎడిటింగ్ షెడ్యూలు వేసుకునేటప్పుడే ఈ తేదీని గోడ మీద రాసుకోవాలి.

అపోహ: సినిమా బాగుంటే థియేటర్ నుంచి డబ్బు దానంతటదే వస్తుంది.

వాస్తవం: మిత్రుడికీ నాకూ ఎక్కువగా వాదన జరిగేది ఇక్కడే. ముందు లెక్క చూద్దాం. మల్టీప్లెక్స్‌లో 177 రూపాయల టికెట్ తెగితే అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో మొదటి వారం సుమారు సగం మల్టీప్లెక్స్ తీసుకుంటుంది, వారాలు గడిచేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. మన వైపు వచ్చిన 75 రూపాయలలో డిస్ట్రిబ్యూటర్ కమిషన్, పోస్టర్లు, ప్రకటనలు, డిజిటల్ ప్రొజెక్షన్ సంస్థలకు తెరకు ఇంత చొప్పున కట్టే వీపీఎఫ్ అన్నీ పోవాలి. పేపర్లో కనిపించే గ్రాస్ వేరు, నిర్మాతకు చేరే షేర్ వేరు అనేది ఇందుకే.

రెండు తెలుగు రాష్ట్రాలలోని సింగిల్ స్క్రీన్లలో అద్దె పద్ధతి ఎక్కువ. వసూలు ఎంతైనా థియేటర్‌కు నిర్ణయించిన అద్దె చెల్లించాలి. జనం రాకపోతే నిర్మాతే జేబులోంచి ఎదురు కట్టుకోవాలి, దాన్నే వ్యాపారంలో నెగటివ్ షేర్ అంటారు. ఈ పద్ధతి తమకు గిట్టుబాటు కావడం లేదని, శాతం పద్ధతి కావాలని థియేటర్ యజమానులే 2025లో మూసివేత హెచ్చరిక దాకా వెళ్లారు. అంటే అద్దె ఇటు చిన్న నిర్మాతకూ భారమే, అటు హాలు నడిపేవారికీ చాలడం లేదు. చిన్న సినిమాకు థియేటర్ దొరకకపోవడమంతా కుట్ర అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలి. కొద్దిమంది చేతుల్లో లీజుకు తీసుకున్న హాళ్లు చాలా ఉన్నాయన్నది వాస్తవమే, పండగ వారాల్లో అది చిన్న సినిమాను నలిపేస్తుందన్నదీ వాస్తవమే. కానీ ఒక్క ఊళ్లో కూడా ముందుగా మాట పుట్టించకుండా అరవై హాళ్లు అడగటం మన తప్పు.

హైదరాబాద్, విశాఖ మల్టీప్లెక్సులు చాలునని, జిల్లాలకు వెళ్లడం డబ్బు పారేసుకోవడమేనని మిత్రుడంటాడు. లెక్క ప్రకారం ఆయన మాటే సరైనది. అయినా సినిమా ఏ ఊరిలో తీశామో ఆ ఊరికి దగ్గరగా ఉన్న ఒక్క హాలులోనైనా వేయాలని, అది ఖర్చు కింద కాక ప్రచారం కింద లెక్కించాలని నా అభిప్రాయం. 2018లో విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులనే ఎక్కువగా నటింపజేసి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి వెళ్లింది, సురేష్ ప్రొడక్షన్స్ అండతో థియేటర్లకూ వచ్చింది. స్థానికత ప్రేక్షకుడిని దూరం చేస్తుందన్న భయం అవసరం లేదని ఆ సినిమా చూపించింది, పంపిణీలో అనుభవమున్న చేయి తోడుండటం ఎంత అవసరమో కూడా చూపించింది.

అపోహ: థియేటర్ కాకపోతే ఓటీటీ ఎలాగూ కొంటుంది.

వాస్తవం: 2020, 2021లలో హాళ్లు మూతపడినప్పుడు కొన్నాళ్లు అలా జరిగింది. ఇప్పుడు పేరున్న నటులు లేని సినిమాకు ముందుగా మొత్తం సొమ్ము ఇచ్చి కొనడం అరుదు. ఎక్కువగా వచ్చేది, జనం ఎంతసేపు చూశారన్న దాన్ని బట్టి పంచుకునే ఒప్పందం. పైగా సంస్థలు నేరుగా తీసుకోకుండా మధ్యవర్తి సంస్థల ద్వారా తీసుకుంటాయి, వాటి కమిషన్ వేరు. హక్కుల పత్రాలన్నీ వరుసగా చూపించాలి. టీ కొట్టు సన్నివేశంలో రేడియోలో వినిపించిన పాత పాటకు అనుమతి లేకపోతే ఆ సన్నివేశం తీసేయమంటారు. అందుకే షూటింగ్‌లో రేడియో కట్టేసి, పాట కావాలంటే సొంత పాట చేయించుకుని తరువాత కలపాలి.

అపోహ: పోస్టర్ మీద ఫెస్టివల్ ఆకులు (ఉత్సవానికి ఎంపికైనట్టు చూపే ఆకుల గుర్తులు) ఎన్ని ఉంటే అంత గౌరవం.

వాస్తవం: ప్రవేశ రుసుము కట్టిన ప్రతి సినిమాకూ నెలనెలా ఏదో ఒక అవార్డు ఇచ్చే ఆన్‌లైన్ పోటీలు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిని కొనుగోలుదారులు పట్టించుకోరు. అసలైన ఉత్సవాలలో చాలావాటికి తొలి ప్రదర్శన తమదే కావాలి, సినిమా అప్పటికే అంతర్జాలంలో ఉండకూడదు. రాజనేశ్ దోమల్‌పల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువులో భాగంగా, నటనకు కొత్తవారితో తీసిన ‘వనజ’ 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి పొందింది. అలాంటి అవకాశాన్ని తొందరపడి యూట్యూబ్‌లో పెట్టడంతో పోగొట్టుకోకూడదు. కొనేవారిని కలవాలనుకుంటే గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) 2007 నుంచి నిర్వహిస్తున్న ఫిల్మ్ బజార్‌కు (2025లో దాని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్‌గా మారింది) సినిమా పూర్తి కాకముందే వెళ్లడం మేలు.

అపోహ: ఊరివాళ్లు సరదాగా నటిస్తారు, వారికి డబ్బు ఇవ్వనక్కరలేదు.

వాస్తవం: కూలికి వెళ్లే మనిషి మన షూటింగ్‌కు వస్తే ఆ రోజు కూలి పోతుంది. కనీసం ఆ కూలి, భోజనం, దారి ఖర్చు ఇచ్చి, తన ముఖాన్నీ గొంతునూ వాడుకునేందుకు సమ్మతి పత్రం తీసుకోవాలి. పత్రాన్ని తెలుగులో రాయించి, చదువురానివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. ఈ విషయంలో మా ఇద్దరికీ ఏ భేదాభిప్రాయమూ లేదు.

అపోహ: విడుదలైతే పని అయిపోయినట్టే.

వాస్తవం: తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ఈనాడు చూడటానికి దొరకదు. ఫిల్ము కాలిపోతుంది, పాడవుతుంది, డిజిటల్ ఫైలు అంతకంటే తొందరగా పోతుంది. థియేటర్‌కు పంపే డీసీపీ అనే డిజిటల్ ప్రతి ఒక్కటే దాచుకుంటే సరిపోదు. రంగులు దిద్దిన మాస్టర్, అక్షరాలు లేని దృశ్యాలు, సబ్‌టైటిళ్ల ఫైలు, మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ఎం అండ్ ఈ ట్రాక్ అన్నిటినీ రెండు వేర్వేరు ఊళ్లలో, రెండు డిస్కులలో ఉంచి, ఏడాదికి ఒకసారైనా తెరిచి చూడాలి. మూడేళ్ల తరువాత ఎవరో హిందీ డబ్బింగ్ హక్కులు అడిగినప్పుడు మొదట కోరేది ఆ ఎం అండ్ ఈ ట్రాకే. ఫైనల్ మిక్సింగ్ జరిగే రోజునే స్టూడియోను అడిగితే దాన్ని తేలికగా తీసి ఇస్తారు, సెషన్ చెరిపేశాక అడిగితే శబ్దమంతా మొదటి నుంచి చేయించుకోవలసిందే.