ఫాలోవర్లు వేలల్లో, ఆర్డర్లు వేళ్ల మీద: సోషల్ మీడియా అపోహలు - వాస్తవాలు

కోనసీమలో, ఆ చుట్టుపక్కల చిన్న వ్యాపారుల సోషల్ మీడియా పేజీలు చూసుకోవడం నా పని. పూతరేకులు, బండారులంక చీరలు, కడియం మొక్కలు. సరుకు ఏదైనా మొదట అడిగేది ఒకటే: "ముందు ఫాలోవర్లని పెంచండి, మిగతాది మేం చూసుకుంటాం."

అపోహ: ఫాలోవర్లు పెరిగితే అమ్మకాలు వాటంతటవే పెరుగుతాయి.

డబ్బిచ్చి కొన్న ఫాలోవర్లు పూతరేకులు కొనరండి. పైగా వాళ్లెవరూ మీ పోస్టు పట్టించుకోరు కాబట్టి ఇన్‌స్టాగ్రామ్ కూడా దాన్ని కొత్తవాళ్లకు పెద్దగా చూపించదు. పండక్కి ఊరొచ్చి మీ దగ్గర కొనుక్కెళ్లిన హైదరాబాదు కుటుంబాలు వంద ఉంటే, నాకు ఆ వందే ముఖ్యం.

అపోహ: మంచి వీడియోకి మంచి కెమెరా కావాలి.

ఫోను చాలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు (సరుకు ఫలానా ఊరిదని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, కానీ ఆ పేరు ఊరందరిదీ. మీ కొట్టునే గుర్తుపెట్టుకోవాలంటే మీ పొయ్యి దగ్గరికి వెళ్లాలి. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా పరిచి తీస్తే రేకు తయారు. చేసే ఆవిడ చెయ్యి, ఆ కుండ, ఆ రేకు కనబడితే చాలు. దాని మీద సినిమా పాట పెట్టకండి, రేకు తీసేటప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడే జనానికి కావాలి. ఆఖర్లో పెట్టె ధర, అందులో ఎన్ని ఉంటాయి, బెల్లమా పంచదారా, కొరియర్ ఖర్చెంత అన్నవి రాయండి. "రేటు కోసం మెసేజ్ చేయండి" అన్న మాట నాకు చిరాకు. రేటు దాస్తే ఎక్కువేమో అనుకుని జారుకుంటారు. రాత్రి తొమ్మిదికి అడిగినవాళ్లకి మర్నాడు మధ్యాహ్నం జవాబిస్తే, ఈలోగా ఇంకో కొట్లో ఆర్డరు పెట్టేసుంటారు.

అపోహ: వాట్సాప్‌లో అందరికీ పంపేస్తే అందరికీ చేరుతుంది.

ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టుకోవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే ప్రతి పెట్టెలో "ఈ నంబరు సేవ్ చేసుకోండి, పండగ ధరలు పంపుతాం" అని ఒక చీటీ వెయ్యమంటాను. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో కేటలాగ్ ఒక్కసారి పెట్టుకుంటే అడిగినవాళ్లందరికీ ఫొటోలు వెతికి పంపే బాధ తప్పుతుంది.

బూస్ట్ చేస్తే, అంటే డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపిస్తే, డబ్బు దండగ అనేవాళ్లూ ఉన్నారు. దేశమంతా చూపిస్తే దండగే. అమలాపురం టిఫిన్ సెంటరు ప్రకటన ఢిల్లీలో ఎవరికి కావాలి? ఊరి చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు పెట్టుకోండి.

ఇంట్లో చేసిన పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మడానికి అనుమతులేవీ అక్కర్లేదన్నది కూడా అపోహే. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద వెయ్యాలి.

ఇంకోటి, "పే చేశాం" అని పంపే స్క్రీన్‌షాట్‌ని నమ్మి పార్సిల్ కట్టకండి. అలాంటివి దొంగవి తయారుచెయ్యడం చాలా తేలిక. ఖాతాలో డబ్బు పడిందో లేదో కొట్లో కుర్రాడు కూడా చూసుకునే ఏర్పాటు ఉండాలి, ముఖ్యంగా సంక్రాంతి రద్దీలో.