చిట్టాలో ఆఖరి గడి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. నానమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి.

సంక్రాంతికి వచ్చినప్పుడు పెద్దాడు ఫోన్లో ఒక గ్రాఫు చూపించి, "తాతయ్యా, ఈ షేరు ఒక్క రోజులో సగానికి పడిపోయింది, కంపెనీకి ఏమైంది?" అని అడిగాడు. చిన్నమ్మాయి తన ఫోన్లో అదే కంపెనీ తీసి, "నా దాంట్లో పడనే లేదే" అంది. ఇద్దరూ నా మొహం చూశారు. పండగ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. సరిగ్గా మీ వయసులో నేనూ అక్కడే పొరబడ్డాను.

మిర్చి కమీషన్ కొట్లో గుమస్తాగా చేరిన కొత్తలో సంగతి. మా నాన్నగారూ అంతకు ముందు అదే కొట్లో గుమస్తా. ఆయన రాసిన ధరల చిట్టా నా చేతికొచ్చింది. తేదీ, రకం, బస్తాలు, ధర. చివర సన్నగా ఇంకో గడి ఉండేది. అందులో చిన్న చిన్న ముక్కలు: "వాన, సరుకు తడిసింది", "వ్యాగన్లు దొరకలేదు", "కలకత్తా బేరగాళ్లు రాలేదు". నాకది అనవసరమనిపించింది. ధరలు మాత్రం ఎత్తి రాసుకుని, గళ్ల కాగితం మీద గీత గీశాను. ఒకచోట ధర ఉన్నట్టుండి తొమ్మిది రెట్లు లేచింది. ఆ ఏడాది సరుకు దాచుకున్నవాడు కోటీశ్వరుడై ఉంటాడనుకుని, కాగితం తీసుకెళ్లి షావుకారుగారికి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. పాత చిట్టా తెప్పించి ఆఖరి గడి మీద వేలు పెట్టారు. "నేటి నుండి క్వింటా లెక్క" అని ఉంది. అప్పటిదాకా రాసింది మణుగు ధర. మన వైపు మణుగంటే పదకొండు కిలోల పైచిలుకు, క్వింటా అంటే వంద కిలోలు. మిరపకాయ ధర కదల్లేదు, తూకం మారింది.

మీ షేరుకు జరిగిందీ అదే. కంపెనీ ఒక షేరుకు ఒక షేరు బోనస్ ఇస్తే, మీ దగ్గర ఒకటి ఉన్నచోట రెండవుతాయి. కంపెనీ మాత్రం అంతే ఉంటుంది కాబట్టి ధర సగమవుతుంది. ముఖ విలువ పది రూపాయల షేరును ఐదేసి రూపాయల రెండు షేర్లుగా విడగొట్టినా ఇంతే. మీకు తెలిసిన ఇన్ఫోసిస్‌నే తీసుకోండి. 2014 డిసెంబరులో, 2015 జూన్‌లో, 2018 సెప్టెంబరులో ఒకటికి ఒకటి చొప్పున మూడుసార్లు బోనస్ ఇచ్చింది. 2014 నవంబరులో మీ దగ్గరున్న ఒక్క షేరు 2018కల్లా ఎనిమిదైంది. అప్పుడు నాలుగు వేల పైచిలుకు పలికిన షేరు, బోనస్‌కు తగ్గట్టు సర్దిన గ్రాఫులో ఐదు వందల చిల్లరగా కనిపిస్తుంది. రెండు అంకెలూ నిజమే. షేర్ల బేరాలు జరిగే ఎక్స్ఛేంజి రోజూ సాయంత్రం విడుదల చేసే ధరల పట్టికలో, అంటే భావ్‌కాపీలో, ఆ రోజు పలికిన ధర ఉన్నదున్నట్టు ఉంటుంది. ఆప్‌లలోని గ్రాఫుల్లో చాలావరకు పాత ధరలను బోనస్‌కు తగ్గట్టు భాగించి చూపిస్తారు. పెద్దాడి ఫోన్లో ఉన్నది ఒక రకం, చిన్నమ్మాయి ఫోన్లో ఉన్నది ఇంకో రకం. ఏది తీసుకున్నా ఫరవాలేదు కానీ, సగం ఇక్కడినుంచి, సగం అక్కడినుంచి తెచ్చి అతికించకండి. ధరను రెండుతో భాగించినచోట, చేతులు మారిన షేర్ల సంఖ్యను రెండుతో గుణించారో లేదో కూడా చూడండి. చాలామంది మరిచిపోయేది అక్కడే.

డివిడెండ్, అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు, దాని సంగతి ఇంకాస్త సూక్ష్మం. నూరు రూపాయల షేరు మీద ఐదు రూపాయలు పంచితే, ఎక్స్-డేట్ నాడు (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) ధర ఆ మేరకు తగ్గి మొదలవడం సహజం. గ్రాఫులో అది నష్టంలా కనిపిస్తుంది, మీ బ్యాంకు ఖాతాలో మాత్రం ఐదు రూపాయలు పడుతుంది. కొందరు డివిడెండ్లు కూడా సర్ది ధర ఇస్తారు, కొందరు ఇవ్వరు. యాభై పెద్ద కంపెనీల ధరలు కలిపి కట్టే సూచీ నిఫ్టీకైతే డివిడెండ్లు కలిపిన సూచీని విడిగా లెక్కగడతారు. పదేళ్లు, ఇరవయ్యేళ్ల లెక్క వేసేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు. ధర ఎక్కువుంటే షేరు ఖరీదైనదనుకోవడమూ ఇలాంటి పొరపాటే. టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ షేరు 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. విడగొట్టకుండా ఉంచితే అంకె అలా పెరుగుతుంది. అది క్వింటా ధర, పక్కవాడిది కిలో ధర, అంతే.

రోజుకు ఐదు అంకెలుంటాయని మీకు తెలుసు: ఓపెన్ (మొదటి ధర), హై (గరిష్ఠం), లో (కనిష్ఠం), క్లోజ్ (ముగింపు), వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య). క్లోజ్ అంటే మధ్యాహ్నం 3:30కి జరిగిన ఆఖరి బేరం అనుకోకండి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్ఎస్ఈ) పాత ధరల్లో అది ఆఖరి అరగంటలో జరిగిన బేరాలన్నింటికీ, షేర్ల సంఖ్యను బట్టి కట్టిన సగటు. నన్నడిగితే ఈ ఐదింటిలో హై కంటే వాల్యూమ్ విలువైనది. మన మిర్చియార్డులో "తేజ రకానికి రికార్డు ధర" అని పేపర్లో వచ్చిన రోజు, ఆ ధర పది టిక్కీలకే (మిర్చి బస్తాలకే) పలికి ఉండవచ్చు. మిగతా సరుకంతా దానికి చాలా కింద అమ్ముడవుతుంది. పేపరు చూసుకుని బండి కట్టుకొచ్చి, సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వెళ్లిన రైతులను ఎందరినో చూశాను. ఆ మొహాలు ఇప్పటికీ గుర్తే. రోజంతా నాలుగు వందల షేర్లు చేతులు మారిన కంపెనీలో హై ఎంతున్నా, ఆ ధరకు మీ సరుకు కొనేవాడు ఉన్నాడో లేడో అంకె చెప్పదు.

పాయింట్ల లెక్క కూడా వదిలేయండి, శాతాలు చూడండి. ముప్ఫై పెద్ద కంపెనీల ధరలతో కట్టే సూచీ సెన్సెక్స్ 1992 ఏప్రిల్ 28న 570 పాయింట్లు పడింది. ఇవాళ 570 పాయింట్లు పడితే ఎవరూ పట్టించుకోరు. అప్పుడది 12 శాతం పైమాట. 2020 మార్చి 23న 3,935 పాయింట్లు పడింది, దాదాపు 13 శాతం. 2024 జూన్ 4న అంతకంటే ఎక్కువగా, 4,390 పాయింట్లు పడింది. శాతంలో చూస్తే ఆరు కూడా లేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమని నేననుకునేది. మీరు పాత ధరలు తీసేటప్పుడు ఏం చేస్తారు? ఇవాళ్టి కంపెనీల జాబితా తీసుకుని వెనక్కి వెళతారు. మిర్చియార్డులో ఇవాళ తెరిచి ఉన్న కొట్లకు వెళ్లి, "మీ వ్యాపారం ఎలా సాగింది?" అని అడిగితే అందరూ బాగానే సాగిందంటారు. దివాలా తీసి తాళం వేసుకున్నవాళ్లు చెప్పడానికి అక్కడ ఉండరు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ అప్పట్లో సెన్సెక్స్‌లో ఉండేది. 2009 జనవరి 7న ఖాతాల్లో లేని డబ్బు ఉన్నట్టు చూపించామన్న ఉత్తరం బయటపడింది. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ ఒక్కరోజే నలభైకి దిగింది. దాన్ని సూచీలోంచి తీసేశారు. ఇవాళ సెన్సెక్స్‌లో ఉన్న ముప్ఫై కంపెనీలను వెనక్కి గీస్తే ఆ రోజు కనిపించదు. మన తెలుగువాళ్లు ఎంతమంది కష్టార్జితం ఆ రోజు కరిగిందో ఆ గీతలో ఉండదు. పాత ధరలు తీస్తే, ఆనాటి జాబితా తీయండి. పోయిన కంపెనీలనూ లెక్కలో ఉంచండి.

సెన్సెక్స్ 1979లో 100, 2024 జులైలో 80,000 అంటారు. ఏడాదికి దాదాపు 16 శాతం చక్రవడ్డీ లెక్క, డివిడెండ్లు కలపకుండానే. కానీ ఆ సూచీని ప్రకటించడం మొదలైంది 1986 జనవరిలో. అంతకు ముందరి అంకెలు వెనక్కి వెళ్లి కట్టినవి. 1979లో ఎవరూ ఆ జాబితా చూసి కొని ఉండలేరు. కంపెనీ లాభాల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలు ప్రకటించడానికి కంపెనీకి 60 రోజుల గడువుంటుంది. మీరు ఏప్రిల్ 1 ధర పక్కన ఆ ఏడాది లాభం రాసి, "చూసి కొన్నాను" అని లెక్క వేస్తే, ఆ రోజుకు ఎవరికీ తెలియని సంగతి మీకు తెలిసినట్టవుతుంది.

పెద్దాడు మంగళవారం కొని శుక్రవారం అమ్మితే లాభమని ఏదో పట్టిక చూపించాడు. నాయనా, ఎన్ని వారాలు, ఎన్ని గంటలు తిప్పి తిప్పి చూసి అది పట్టుకున్నావు? అన్ని తిప్పితే ఏదో ఒకటి కుదిరి తీరుతుంది. 2015 దాకా ఉన్న ధరల్లోనే నియమం వెతుకు. తర్వాతి ఏళ్లను మూసిపెట్టి, ఒక్కసారే తెరిచి చూడు. నచ్చలేదని నియమం మార్చి మళ్లీ తెరవకు. ప్రతి బేరానికీ బ్రోకరేజీ, లావాదేవీల పన్ను, స్టాంపు డ్యూటీ తీసెయ్యి. మా కొట్లో కమీషనూ హమాలీ కూలీ తీయకుండా రైతుకు ఎంతొచ్చిందో చెప్పేవాళ్లం కాదు.

మరి ఇంత చూసి పాత ధరలతో ఏం ప్రయోజనం అంటారా? రేపటి ధర వాటిలో లేదు. ఎంత భరించాల్సి వచ్చిందో మాత్రం ఉంది. 2008 జనవరిలో 20,873 దగ్గర ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చిలో 8,160కి దిగింది. 61 శాతం పోయింది. అక్కడినుంచి పాత చోటికి రావాలంటే 156 శాతం పెరగాలి. వచ్చేసరికి 2010 నవంబరు అయింది. నలభయ్యేళ్ల గ్రాఫులో ఆ లోయ వేలి గోరంత కూడా ఉండదు. ఆ మూడేళ్లలో పెళ్లిళ్లున్నాయి, ఫీజులున్నాయి, ఆస్పత్రి ఖర్చులున్నాయి. మధ్యలో అమ్మేసుకున్నవాళ్లకు పిరికితనం అంటగట్టకండి, వాళ్లకు ఆ రోజు డబ్బు కావాలి. ఏ షేరు గ్రాఫు తీసినా ముందు దాని లోయలు కొలవండి: ఎంత లోతు, ఎన్నాళ్లు.

మీకొక పని అప్పజెబుతున్నాను. మీ ఇద్దరూ చెరొక కంపెనీ తీసుకుని, పదేళ్ల నెలవారీ ముగింపు ధరలు నోటు పుస్తకంలో చేత్తో రాయండి. 120 వరుసలు, అంతే. ఆఖరి గడి ఖాళీగా వదలండి. పది శాతం దాటి కదిలిన ప్రతి నెలకూ కారణం వెతికి అందులో రాయండి: బోనసా, డివిడెండా, ఫలితాలా, మార్కెట్ మొత్తం కదిలిందా. దొరక్కపోతే "తెలియదు" అని రాయండి, ఊహించి రాయకండి. వేసవి సెలవులకు ఆ పుస్తకాలు పట్టుకురండి. అటక మీదున్న నాన్నగారి చిట్టా కిందికి దించి, దుమ్ము దులిపి ఉంచుతాను. మీ గళ్లూ ఆయన గళ్లూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య